గిటార్‌కు చేత్తో చెక్కిన తోలు పట్టీ: గీతలు నిలవాలన్నా, రంగు చొక్కాకు అంటకూడదన్నా, విశాఖ గాలికి బూజు పట్టకూడదన్నా ఏం చేయాలి?

మధురవాడ నుంచి ఒకరు అడిగారు. తమ్ముడు గిటార్ వాయిస్తాడట, సెప్టెంబరు చివర్లో పుట్టినరోజు. పువ్వులు, లతలు, తెలుగులో పేరు చెక్కిన తోలు పట్టీ సొంతంగా చేసి ఇవ్వాలని ఆశ. ఆన్‌లైన్‌లో తోలు తెప్పించి అచ్చులు కొట్టి చూస్తే సాయంత్రానికి గీతలు పూడిపోయాయి. రంగు వేస్తే రెండు రోజుల తర్వాత కూడా వేలికి అంటుతోంది. వర్షాకాలంలో ఇంట్లో బెల్టులకే బూజు పడుతుంటే ఈ పట్టీ నాలుగు కాలాలు నిలుస్తుందా అన్నది చివరి సందేహం.

ముందు జవాబు చెబుతాను. మీ చేతిలో తప్పు లేదు, తోలే వేరు. మీకు వచ్చింది దాదాపు ఖాయంగా క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో శుద్ధి చేసినది. దాని మీద ఎంత బలంగా కొట్టినా గుర్తు నిలవదు. చెక్కుడు పనికి వెజిటబుల్ ట్యాన్ తోలే, అంటే చెట్ల వగరుతో శుద్ధి చేసినదే కావాలి. ఒకే పొరగా చేస్తే 3 నుంచి 3.5 మిల్లీమీటర్ల మందం, వెనక అస్తరు వేస్తే పైతోలు 2.5, అస్తరు 1 మిల్లీమీటరు. రంగు అంటకూడదంటే స్పిరిట్ రంగును, అంటే నీళ్లలో కాక స్పిరిట్‌లో కలిపిన రంగును, పలుచగా వేసి, పొడిగుడ్డకు ఏమీ అంటనంత వరకు తుడిచి, తోలు పూర్తిగా ఆరాకే పైపూత వేయాలి. చొక్కాను తాకే వెనక వైపు అసలు రంగే వేయకూడదు. బూజు తోలు గుణం కాదు, దాన్ని మనం దాచే పద్ధతి వల్ల వస్తుంది.

మీ మూడు ఇబ్బందులకూ మూలం ఒక్కటే, తోలులోని నీరు. చెక్కేటప్పుడు అది ఉండాలి, రంగు వేసేటప్పుడు పోవాలి, ఆ తర్వాత గాలిలో ఉన్నది మళ్లీ లోపలికి రాకూడదు. అల్లిపురంలో ఒక చిన్న గదిలో పదిహేడేళ్లుగా తోలు పని చేస్తున్నాను. చెప్పులు, బెల్టులతో మొదలుపెట్టి గిటార్ పట్టీల దగ్గరికి వచ్చాను. ఇన్నేళ్లలో పాడైన ప్రతి పట్టీ వెనక నాకు కనిపించింది ఈ నీటి లెక్క తప్పడమే.

తోలు ఎలా గుర్తుపట్టాలి

కొన్న తోలు అంచును అడ్డంగా కోసి చూడండి. వెజిటబుల్ ట్యాన్ అయితే కోత మొత్తం ఒకే గోధుమ లేదా చర్మం రంగులో ఉంటుంది. క్రోమ్ తోలు మధ్యలో తరచుగా నీలం, బూడిద కలిసిన చాయ కనిపిస్తుంది. రంగు వేయని ముక్క మీద ఒక నీటి చుక్క వేస్తే వెజిటబుల్ ట్యాన్ తోలు వెంటనే పీల్చుకుని ముదురు రంగుకు మారుతుంది, గోటితో నొక్కితే గుర్తు అలాగే ఉండిపోతుంది. మీ ముక్క మీద ఈ గోటి పరీక్ష చేసి చూడండి, సంగతి తేలిపోతుంది.

కారణం ఇది. చెట్ల బెరడులో, కాయల్లో ఉండే వగరు పదార్థంతో శుద్ధి చేసిన తోలు తడిసినప్పుడు మైనంలా మెత్తబడి, ఆరినప్పుడు కొత్త రూపంలోనే గట్టిపడుతుంది. దక్షిణాదిన తంగేడు బెరడు, తుమ్మ బెరడు, కరక్కాయ ఈ పనికి తరతరాలుగా వాడారు. క్రోమియం లవణాలతో శుద్ధి చేసినది మాత్రం రబ్బరులా వెనక్కి లేస్తుంది. బ్యాగులకు, బూట్లకు అది మంచిదే, చెక్కడానికి పనికిరాదు.

విశాఖలో ఈ తోలు అడగగానే దొరకదు. చెన్నై పెరియమేట్ దుకాణాల నుంచో, గుర్రపు జీనుల పనికి పేరున్న కాన్పూర్ నుంచో, కోల్‌కతా నుంచో తెప్పించుకోవాలి. ఆర్డరిచ్చేటప్పుడు "టూలింగ్ కోసం, రంగు వేయనిది, నూనె తక్కువ పట్టించినది, వీపు భాగం" అని చెప్పండి. వీపు అన్న మాట మరిచిపోవద్దు. పొట్ట భాగం తోలు చౌకగా వస్తుంది కానీ సాగుతుంది. నాలుగు కిలోల ఎలక్ట్రిక్ గిటార్ రోజూ వేలాడితే ఆరు నెలల్లో పట్టీ పొడవు పెరిగి, చెక్కిన పువ్వులు కోలగా మారతాయి. పట్టీని వెన్నెముక వెంబడి పొడవుగా కోయాలి, అడ్డంగా కాదు.

నిమ్మలకుంట తోలుబొమ్మలు చూసి ఆ తోలుతో చేయవచ్చా అని కొందరు నన్ను అడిగారు. ఆ పని అంటే నాకు ఎనలేని గౌరవం. కానీ అది వెలుతురు పారేలా పలుచగా చేసిన మేకతోలు, ఈ రకంగా శుద్ధి చేసినది కాదు. తెర వెనక దీపానికి సరిపోతుంది, భుజం మీద బరువుకు కాదు.

కొలత, కోత

తమ్ముడికి తెలియకుండా చేయాలనుకుంటున్నారు కనుక అతను ఇప్పుడు వాడుతున్న నైలాన్ పట్టీనే కొలవండి, ఒక చివరి రంధ్రం నుంచి రెండో చివరి రంధ్రం వరకు. పాత పట్టీ లేకపోతే ఇంట్లో ఉన్న నవారు ముక్కను ఏదో సాకుతో భుజం మీదుగా వేసి చూడండి. పెద్దవారికి మామూలుగా 44 నుంచి 54 అంగుళాల మధ్య వస్తుంది. నేను రెండు ముక్కలుగా చేస్తాను. చెక్కిన వెడల్పాటి ముక్క 36 నుంచి 38 అంగుళాలు, దానికి తగిలే సన్నని తోక ముక్క 20 అంగుళాలు. తోకకు వరుసగా చీలికలు ఉంటాయి, పొడవు మార్చుకోవడానికి. వెడల్పు మామూలు గిటార్‌కు రెండున్నర అంగుళాలు చాలు. బాస్ గిటార్‌కు మూడు, మూడున్నర పెడితే భుజం నొప్పి పుట్టదు.

పట్టీ తగిలించడానికి గిటార్‌కు ఉండే బొత్తం పట్టే రంధ్రం దగ్గర తొందరపడకండి. నేను 8 మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రం, దాని నుంచి 12 మిల్లీమీటర్ల చీలిక, చీలిక కొసన తోలు చిరగకుండా 2 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం పెడతాను. చీలిక పట్టీ లోపలి వైపుకే వెళ్లాలి, కొస వైపుకు కాదు. బరువంతా కొస వైపున్న అంచు మీద పడుతుంది. చీలిక అక్కడ ఉంటే గిటార్ ఏదో ఒక రోజు నేల మీద ఉంటుంది. రంధ్రానికి, పట్టీ కొసకు మధ్య కనీసం 20 మిల్లీమీటర్ల తోలు వదలండి.

అతనిది ఎకౌస్టిక్ గిటార్ అయితే ముందు ఒకటి చూడండి. చాలా వాటికి అడుగున ఒక్క బొత్తమే ఉంటుంది, మెడ మొదట్లో ఉండదు. అప్పుడు పట్టీ ముందు కొసకు తోలు తాడు కట్టి, తీగల కింద నుంచి గిటార్ తలకు ముడివేయాలి. లేదా గిటార్లు బాగుచేసేవారి దగ్గర మెడ గిటార్ ఒంటికి కలిసే చోట బొత్తం పెట్టించుకోవాలి. రెండింటికీ పట్టీ పొడవు ఏడెనిమిది అంగుళాలు తేడా వస్తుంది కనుక ఇది కోతకు ముందే తేల్చుకోవలసిన విషయం.

బొమ్మ ఎక్కడ, ఏది

గిటార్ తగిలించుకున్న మనిషిని ఎదురుగా నిలబెట్టి చూడండి. కుడిచేతి వాటం వారికి పట్టీ అడుగు బొత్తం నుంచి వీపు మీదుగా ఎడమ భుజం ఎక్కి ఛాతీ మీదకు దిగుతుంది. ముందు నుంచి కనబడేది పన్నెండు, పద్నాలుగు అంగుళాలు మాత్రమే. మీ అందమైన పువ్వు, పేరు ఆ చోటే ఉండాలి. భుజం మీద పడే ఎనిమిది అంగుళాల్లో లోతైన పని వద్దు. అది వంగే చోటు, అక్కడ లోతుగా కోస్తే గీతల వెంబడి పగుళ్లు వస్తాయి. వీపు వైపు పలుచని తీగ సాగితే చాలు.

ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించే చుట్టలు తిరిగిన అడవి గులాబీలను షెరిడన్ శైలి అంటారు. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని షెరిడన్ ఊరి జీనుల పనివారి నుంచి ఆ పేరు వచ్చింది. ఒక తీగ గుండ్రంగా తిరిగి తన మధ్యలో పువ్వును పెట్టుకుని, అక్కడి నుంచి మరో గుండ్రానికి దారితీస్తుంది. ఆ ప్రవాహం నేర్చుకోదగినది. పువ్వు మాత్రం మనదే పెట్టండి. సింహాచలం వెళ్లినప్పుడు గుడి గోడల మీద రాతి లతలను నిదానంగా చూడండి, ఒక్క వంపు కూడా ఎక్కడా తెగదు. నేను ఎక్కువగా చెక్కేది సంపెంగ. సన్నని పొడుగాటి రేకులు కొస దగ్గర కొంచెం మెలి తిరుగుతాయి, ఆ మెలిక సన్నని పట్టీలో చక్కగా ఇముడుతుంది. మందారం అందంగానే ఉంటుంది కానీ రెండున్నర అంగుళాల్లో దాని రేకులకు చోటు చాలదు. అంచు నుంచి ఆరు మిల్లీమీటర్లు కుట్టుకు వదిలితే మీకు మిగిలేది అయిదు సెంటీమీటర్లే అని గుర్తుపెట్టుకుని గీయండి.

తెలుగులో పేరు అన్నారు. మన అక్షరాల వంపులకు చెక్కుడు కత్తి ఎంత బాగా తిరుగుతుందో మీరే చూస్తారు. అక్షరం ఎత్తు 20 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఖ, జ, శ లాంటి వాటి లోపలి చిన్న గుండ్రాలు అంతకంటే చిన్నవైతే, చుట్టూ అణచినప్పుడు మూసుకుపోయి అక్షరం ముద్దవుతుంది. ఒత్తులకు అడుగున అక్షరం ఎత్తులో సగం చోటు విడిగా వదలండి. దుకాణాల బోర్డుల్లో లాగా ఒక అక్షరం కింద ఇంకో అక్షరం పేర్చకండి. పై అక్షరం ఒత్తు కింది అక్షరం తలకట్టుకు తగిలి రెండూ చెడతాయి. శ్రీకాంత్ అన్న పేరును అలా పేరుస్తే "శ్రీ"లోని క్రావడి కింది "కా"ను మింగేస్తుంది. పట్టీ పొడవు వెంబడి ఒకే వరుసలో రాయండి. తలకట్టు చివరగా కోయండి. ముందే కోస్తే కింది వంపు కోసేటప్పుడు కత్తి ఆ గాటులోకి జారుతుంది.

పదును

ఇక అసలు సంగతి. మా నాన్నగారిది చోడవరం దగ్గర పల్లె. వాన పడ్డ మర్నాడు పొలంలోకి దిగి ఒక మట్టిగడ్డ తీసి పిడికిట్లో నొక్కి చూసేవారు. చేతికి అంటుకుంటే ఇంకా పచ్చి, పొడిపొడిగా రాలితే ఆరిపోయింది, ముద్దగా నిలిచి మెల్లగా విడిపోతే పదును. ఆ పదునులో వేసిన నాగలి ఒకలా నడుస్తుంది, తప్పాక వేసినది ఒకలా నడుస్తుంది. తోలుకూ సరిగ్గా ఇదే మాట. కత్తికి పదును ఎంత అవసరమో తోలుకు ఈ పదును అంత అవసరం.

మెత్తని స్పాంజితో తోలు నునుపు వైపు సమంగా తడపండి, ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ కాకుండా. వడపోసిన మంచినీళ్లే వాడండి. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లు వాడితే ఆరాక నల్లటి మరకలు తేలుతాయి, ఎందుకో కింద చెబుతాను. తడిపాక తోలు ముదురు రంగుకు మారుతుంది. అప్పుడు చెక్కకండి. కూర్చుని చూడండి. రంగు మెల్లగా అసలు చాయకు తిరిగి వస్తుంది. దాదాపు వచ్చేసిందనిపించినప్పుడు తోలును చెంపకు ఆనించండి. చూడ్డానికి పొడిగా ఉండి చెంపకు చల్లగా తగిలితే పదును వచ్చినట్టు.

ఇంకో గుర్తు చెవికి తెలుస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడు అచ్చు మీద కొడితే తడి మట్టి మీద కొట్టినట్టు మొద్దు చప్పుడు వస్తుంది, గుర్తు మెత్తగా పడి అంచులు కరిగిపోతాయి. పదునులో ఉన్నప్పుడు చప్పుడు స్పష్టంగా, పొట్టిగా ఉంటుంది. అచ్చు ఎత్తగానే అణిగిన చోట తోలు దానంతటదే ముదురు గోధుమ రంగులో మెరుస్తుంది. ఆ మెరుపు రంగు సీసాలో దొరకదు. అది కనిపిస్తున్నంత సేపే పని చేయండి. అచ్చు కింద తోలు పాలిపోయి కనిపిస్తే ఆరిపోతోందని అర్థం, తడి స్పాంజితో ఒక్కసారి తుడిచి కాసేపు ఆగండి.

మన ఊరి గాలితో ఇక్కడే లెక్క మారుతుంది. మే నెలలో ఫ్యాను కింద కూర్చుంటే పావుగంటలో పదును పోతుంది. అందుకని ఫ్యాను కట్టేసి, పని చేయని భాగాన్ని ప్లాస్టిక్ కాగితంతో కప్పుతాను. జూలై, ఆగస్టుల్లో పదును రావడానికే గంట, గంటన్నర పడుతుంది. అప్పుడు తొందరపడి పచ్చి తోలు మీద కొట్టినవారే ఎక్కువ. తడిపిన తోలును ప్లాస్టిక్ సంచిలో రాత్రంతా ఉంచితే నీరు సమంగా పాకుతుందని వీడియోల్లో చెబుతారు. నిజమే, కానీ మన దగ్గర వర్షాకాలంలో రెండో రోజుకే చుక్కలు చుక్కలుగా బూజు వస్తుంది. అలా ఉంచాల్సి వస్తే సంచి మూతి కట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడే వాడేయండి.

చెక్కేటప్పుడు తోలు సాగుతుంది. 37 అంగుళాల ముక్క అచ్చుల దెబ్బకు అర అంగుళం దాకా పెరగడం నేను కొలిచి చూశాను. వెనక వైపు మొత్తం వెడల్పాటి ప్యాకింగ్ టేపు అంటించి పని చేస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. చుట్టూ అర అంగుళం అదనంగా ఉంచి, చెక్కడం పూర్తయ్యాకే పట్టీ అంచులను చివరి కొలతకు కోయండి. రంధ్రాలు కూడా అప్పుడే.

కింద రాయి ఉండాలి. వంటింటి గట్లకు వేసే గ్రానైట్ మిగులు ముక్క అడిగితే రాళ్ల దుకాణంలో ఇస్తారు, అది చాలు. ఇనుప సుత్తి వద్దు, అచ్చుల తలలు పాడవుతాయి. కొయ్య సుత్తి గానీ నైలాన్ సుత్తి గానీ వాడండి. కోత తోలు మందంలో మూడో వంతు దాటకూడదు, ఇది బరువు మోసే పట్టీ. కత్తిని పది నిమిషాలకోసారి పాలిష్ పేస్టు రాసిన తోలు ముక్క మీద రుద్దుకోండి. కోత, తర్వాత వంపుల నీడలు, తర్వాత అంచుల అణచివేత, చివర నేపథ్యం అన్న వరుసలో వెళ్లండి. అచ్చులు పది రకాలు కొనాల్సిన పని లేదు. కోణపు అచ్చు, బేరికాయ ఆకారపుది, నేపథ్యానికి గరుకుది, ఈ మూడింటితో నా మొదటి రెండేళ్లు గడిచాయి.

రంగు: తెల్ల చొక్కా మీద మరక

కొన్నేళ్ల కిందట ఒక చర్చి గాయక బృందంలో వాయించే కుర్రవాడికి ముదురు ఎరుపు పట్టీ చేసి ఇచ్చాను. డిసెంబరు పని ఒత్తిడిలో నీళ్లలో కలిసే రంగు వాడాను, వెనక వైపు కూడా వేశాను, లోపల చెమ్మ ఉండగానే పైపూత వేసేశాను. క్రిస్మస్ రాత్రి అతను తెల్ల చొక్కాతో రెండు గంటలు వాయించాడు. ఎడమ భుజం నుంచి నడుము దాకా రెండు వేళ్ల వెడల్పున ఎర్రటి చార. చొక్కాకు డబ్బిచ్చాను, కొత్త పట్టీ చేశాను. అప్పటి నుంచి నేను తప్పని నియమాలు ఇవి.

చెక్కడం అయ్యాక తోలును నీడలో, గాలి ఆడే చోట ఆరనివ్వాలి. ఎండాకాలంలో ఒక రోజు చాలు, వర్షాకాలంలో మూడు రోజులు. ఎండలో పెడితే వంకర్లు పోతుంది. ఆరాక నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసేది) చాలా పలుచగా ఒక్కసారి రాసి రాత్రంతా వదిలేస్తే రంగు మచ్చలు లేకుండా పాకుతుంది. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరి నూనె రాయకండి. తోలు జిడ్డుగా, మెత్తగా అయిపోయి పైపూత పట్టుకోదు.

స్పిరిట్ రంగును ఉన్ని గుడ్డతో గుండ్రంగా తిప్పుతూ పలుచగా వేయండి. ముదురు కావాలంటే రెండుసార్లు పలుచగా వేయాలి, ఒకేసారి మందంగా కాదు. తోలు పీల్చుకోగా పైన మిగిలిపోయిన పొడే చొక్కాకు అంటుతుంది, మీ వేలికి అంటింది కూడా అదే. ఒక రోజు ఆగి పాత బనియన్ గుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డ మారుస్తూ, కొత్త గుడ్డకు ఏమీ అంటనంత వరకు తుడవాలి. నాకు దీనికే ముప్పావు గంట పడుతుంది.

నలుపు కావాలంటే ఇంకా మంచి దారి ఉంది. కలంకారీ పనివారు కరక్కాయ నీటిలో ముంచిన బట్ట మీద, ఇనుప ముక్కలు బెల్లం నీటిలో పులియబెట్టిన ద్రవంతో గీస్తే అది నల్లగా తిరుగుతుంది. కరక్కాయలోని వగరుకు, ఇనుముకు జరిగే చర్య అది. మన తోలు నిండా అదే రకం వగరు ఉంది. తెల్ల వెనిగర్‌లో నూనె లేని ఇనుప పీచు వేసి, వాయువు బయటికి పోయేలా మూత వదులుగా పెట్టి, రెండు వారాలు ఉంచి వడకట్టి తోలు మీద రాయండి. నిమిషాల్లో బూడిద రంగు నుంచి నలుపుకు తిరుగుతుంది. తర్వాత లీటరు నీటికి ఒక చెంచా వంటసోడా కలిపి తుడిచి పులుపును చంపాలి, ఆరాక నూనె రాయాలి. ఇది పైన పూసిన రంగు కాదు, తోలు లోపల పుట్టిన రంగు, అందుకే చొక్కాకు అంటదు. బోరు నీళ్ల ఇనుము, తడి తోలు మీద వదిలేసిన ఇనుప కత్తి మరకలు వేయడానికి కారణం కూడా ఇదే.

పైపూతకు నీటితో కలిసే అక్రిలిక్ వాడుతున్నాను. సమానంగా నీరు కలిపి, పిండిన స్పాంజితో ఒకే దిశలో లాగాలి. చెక్కిన గుంటల్లో నురగ నిలవకుండా చూడండి, ఆరాక అది తెల్లటి చుక్కలుగా మిగులుతుంది. మొదటి పొర ఆరాక, గీతలు బాగా కనబడాలంటే యాంటిక్ పేస్ట్ రుద్ది వెంటనే తుడిచేయండి. గుంటల్లో మిగిలినది నీడలా నిలుస్తుంది. ఆ పైన ఇంకో రెండు పలుచని పొరలు. నైట్రోసెల్యులోజ్ లక్కరు మెరుపు బాగుంటుంది కానీ మన వర్షాకాలపు గాలిలో చల్లితే చెమ్మను పట్టుకుని పాలపొర కడుతుంది. షెల్లాక్ అనే లక్క పూత భుజం మీద వంగి పగులుతుంది.

ఇచ్చే ముందు తెల్ల చేతిరుమాలును ఉప్పునీటిలో ముంచి పిండి, పట్టీ రెండు వైపులా యాభై సార్లు రుద్దండి. మన ఊళ్లో గిటార్ వాయించేవారి చెమట ఉప్పునీటికి తక్కువేమీ కాదు. ఏమాత్రం రంగు కనబడినా మళ్లీ తుడిచి ఇంకో పొర వేయండి.

అస్తరు, కుట్టు, ఇత్తడి

అస్తరుకు రంగు వేయని మేకతోలు, గరుకు వైపు బయటికి ఉండేలా వేస్తే భుజం మీద జారదు. తల వైపు బరువు ఎక్కువై కిందికి వాలే గిటార్లకు ఇది చాలా ఉపయోగం. అంచు నుంచి నాలుగు మిల్లీమీటర్ల లోపల సన్నని గాడి తీసి, ఆరెతో పొడిచి, మైనం పట్టించిన దారంతో రెండు సూదుల కుట్టు వేయండి. అంగుళానికి ఆరు కుట్లు చాలు. దారం గాడిలో దిగి ఉంటే చొక్కాకు రాసుకుని అరగదు. అంచులను తడిపి గట్టి కొయ్యతో రుద్ది, తేనెమైనం పట్టించండి. ఈ పని ఎంత ఓపికగా చేస్తే పట్టీ చేతికి అంత నున్నగా తగులుతుంది.

రివెట్లు, బకిళ్లు ఇత్తడివో రాగివో వాడండి. సముద్రపు గాలికి ఇనుప రివెట్లు తుప్పు పట్టడమే కాదు, తోలులో నల్ల మరకలు దించుతాయి. రివెట్ వెనక తల గిటార్‌కు గీతలు పెట్టకుండా దాని మీద అస్తరు రానివ్వండి. వాయించడం అయ్యాక పట్టీని గిటార్‌కు ఆనించి పెట్టెలో మూయవద్దని తమ్ముడికి చెప్పండి. పైన చెప్పిన నైట్రోసెల్యులోజ్ లక్కరు పూత ఉన్న గిటార్ల మీద తోలు రంగు మచ్చగా దిగే ప్రమాదం ఉంది.

బూజు

ప్లాస్టిక్ కవరులో, గాలి లేని బీరువాలో పెట్టిన తోలుకే బూజు వస్తుంది. వాయించాక పొడిగుడ్డతో చెమట తుడిచి, కొయ్య కొక్కానికి వేలాడదీయాలి. దాచాలంటే నూలు సంచి మంచిది. అయినా తెల్లగా కనిపిస్తే కంగారు పడనక్కర లేదు. ఇంటి బయట మెత్తని బ్రష్‌తో దులిపి, సర్జికల్ స్పిరిట్, నీరు సమంగా కలిపి మొదట వెనక వైపు ఒక మూల రాసి చూసి, తర్వాత మొత్తం తుడిచి నీడలో ఆరబెట్టండి. రోజూ భుజం ఎక్కే పట్టీకి బూజు పట్టడం నేను చూడలేదు.

సెప్టెంబరు చివరికి కావాలంటే తోలు జూలైలోనే చేతికి రావాలి. ఆగస్టు మొదటి రెండు వారాలు మిగులు ముక్కల మీద పేరును కనీసం అయిదుసార్లు చెక్కి చూడండి. అసలు పట్టీ చెక్కడం మూడో వారంలో పెట్టుకుంటే, ఆరడానికి, రంగుకు, పూతలకు, కుట్టుకు నాలుగు వారాలు మిగులుతాయి. పుట్టినరోజుకు వారం ముందు ఒక రాత్రి పది కిలోల బియ్యం సంచిని రెండు రంధ్రాల నుంచి వేలాడదీసి ఉంచండి. తెల్లారాక రంధ్రాల చుట్టూ, కుట్టు మొదట్లో, తోక చీలికల దగ్గర వేలితో తడిమి చూడండి. ఎక్కడా తోలు సాగి పాలిపోకపోతే అప్పుడు కాగితంలో చుట్టండి, ప్లాస్టిక్‌లో వద్దు.